కొద్దిగా ఈతేటమ్మా?

ఆగస్టు పదిహేను జెండా పండుగ అవగానే ఢిల్లీలో మా ఆఫీసు సెక్షన్‌లో ఎల్‌టీసీ కబుర్లు, అంటే సర్కారు ఖర్చుతో చేసే సెలవు ప్రయాణాల కబుర్లు మొదలవుతాయి. పిల్లలకి సెలవులు ఎప్పటినుంచి, ఎర్న్‌డ్ లీవు ఎంత మిగిలింది, టికెట్లు ఐఆర్‌సీటీసీలో చవకా బామర్ లారీలో చవకా. చివరికి అందరి వేలూ మ్యాపులో ఒకే చోట ఆగుతుంది, అండమాన్ మీద. సముద్రం మీద ప్రేమతో అనుకునేరు. 2014 సెప్టెంబరులో కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. సొంతూరు వెళ్ళే ఎల్‌టీసీని మార్చుకుని ఈశాన్య రాష్ట్రాలకో, జమ్మూ కశ్మీర్‌కో, అండమాన్‌కో వెళ్ళవచ్చు. విమానం ఎక్కే అర్హత లేని గ్రేడువాళ్ళు కూడా ఎకానమీ క్లాసులో వెళ్ళవచ్చు. ఆ సడలింపును మళ్ళీ మళ్ళీ పొడిగిస్తూనే ఉన్నారు. డిసెంబరులో కశ్మీర్ అంటే చలి, ఈశాన్యం అంటే ఘాట్ రోడ్లు, పిల్లలకి వాంతులు. పైగా అప్పటికి రెండు నెలలుగా ఢిల్లీ పొగ పీలుస్తూ ఉంటాం. అంచేత ఆర్.కె.పురం నుంచీ నోయిడా దాకా క్వార్టర్లూ ఫ్లాట్లూ ఖాళీ చేసి జనం రెండు వేల నాలుగు వందల కిలోమీటర్ల అవతల పోర్ట్ బ్లెయిర్‌లో దిగుతారు. ఆ ఊరు 2024 నుంచి శ్రీ విజయపురం. హేవ్‌లాక్ దీవి 2018 నుంచి స్వరాజ్ ద్వీప్. అక్కడి పడవలవాళ్ళు ఇప్పటికీ పాత పేర్లే అంటున్నారు కాబట్టి నేనూ అవే రాస్తాను.

ప్యాకేజీ కాగితంలో సెల్యులార్ జైలు లైట్ అండ్ సౌండ్ షో పక్కనే ‘కాంప్లిమెంటరీ స్నోర్కెలింగ్’ అని ఉంటుంది, అంటే మాస్కూ గొట్టమూ పెట్టుకుని నీటి మీద బోర్లా తేలుతూ పగడాల దిబ్బలు చూడడం. ఉచితం అన్నదాన్ని వదులుకునే ప్రభుత్వోద్యోగిని ఇన్నేళ్ళ సర్వీసులో నేను చూడలేదు. ఈత వచ్చా అని ఆ కాగితం ఎక్కడా అడగదు. పైగా ‘ఈత రానివారు కూడా చేయవచ్చు’ అని లావు అక్షరాల్లో హామీ ఇస్తుంది. నా తగాదా అంతా ఆ ఒక్క వాక్యంతోనే. ఈత రానివాళ్ళు పగడాల దిబ్బ మీదికి వెళ్ళకూడదు. వాళ్ళని ఎవరూ తీసుకెళ్ళకూడదు.

మునిగిపోతారన్న భయంతో అంటున్న మాట కాదిది. లైఫ్ జాకెట్ వేస్తారు, రింగు ట్యూబు ఇస్తారు, గైడు ఆ ట్యూబు తాడు పట్టుకుని లాక్కెళ్తాడు. మునగడం కష్టమే. నష్టం కింద ఉన్నవాటికి.

హేవ్‌లాక్ జెట్టీ నుంచి స్పీడ్ బోటులో పావుగంటో ఇరవై నిమిషాలో వెళ్తే ఎలిఫెంట్ బీచ్. నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే పడవ నీడ అడుగున ఇసుక మీద కనిపిస్తుంది. ఒడ్డు నుంచి పట్టున యాభై అడుగులు పోకముందే పగడాలు మొదలవుతాయి, లోతు చాలా చోట్ల గుండెల దాకా ఉంటుంది, అంతే. నా ముందు ఢిల్లీలోని రోహిణి నుంచి వచ్చిన ఒక కుటుంబం దిగింది. ఆవిడ సల్వార్ కమీజులోనే ఉంది, చున్నీ నడుముకి బిగించి కట్టింది. జాకెట్టుకి కాళ్ళ మధ్య నుంచి తీసి బిగించే పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని పెట్టుకోవడానికి సిగ్గుపడి వదిలేసింది. నీళ్ళలోకి దిగేసరికి జాకెట్టు చెవుల దాకా పైకి లేచింది, మనిషి కిందికి వేలాడింది. ఈత రాని మనిషిని లైఫ్ జాకెట్ నిలువుగా నిలబెడుతుంది. నీటి మీద బోర్లా పడుకోవడం అనేది ఒంటికి అలవాటు చేయవలసిన సంగతి, జాకెట్టు నేర్పేది కాదు. మాస్కు అంచు కింద జుట్టు పాయ ఇరుక్కుంది. అక్కడినుంచి నీరు లోపలికి వచ్చింది. మీసాలున్న మగవాళ్ళకీ ఇదే తిప్పలు. కంగారులో ముక్కుతో గాలి పీల్చబోయింది, మాస్కులో ముక్కు మూసి ఉంటుంది కదా. ఇక కాళ్ళు నేల కోసం వెతుక్కున్నాయి. నేల దొరికింది. ఫట్‌మని విరిగిన చప్పుడు నాకు నీళ్ళలో స్పష్టంగా వినిపించింది. నీళ్ళలో చప్పుళ్ళు అలాగే వినిపిస్తాయి, చిలుకచేపలు పగడాన్ని కొరుకుతున్న కరకర కూడా. ఆవిడ తల పైకెత్తి మాస్కు లాగేసి, వెనకాల వస్తున్న భర్తకి ధైర్యం చెప్పింది: “నీచే పత్థర్ హై జీ, ఖడే హో జావో.” కింద రాయి ఉంది, నిలబడండి అని.

ఆయన నిలబడ్డాడు. పిల్లలూ నిలబడ్డారు.

ఆ రాయి రాయి కాదు. గింజంత జంతువులు వేలకొద్దీ కలిసి కట్టుకున్న సున్నపు గూడు. ఆ జంతువుల ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. ఎండ తిని తిండి వండిపెట్టేది, రంగు ఇచ్చేది ఆ నాచే. పైన ఉండే ప్రాణమున్న పొర ఉల్లిపొర కన్నా పెద్ద మందం ఉండదు. చెయ్యి రాసుకున్నా చాలు, గీసుకుపోతుంది. కొమ్ములు కొమ్ములుగా పెరిగే రకాలు కొంచెం తొందరగా కోలుకుంటాయి కానీ, గుండ్రాయిలా, మెదడులా కనిపించే రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. మనం కూర్చునే పీటంత ఉన్న పగడం మన తాతగారి నాటిది కావచ్చు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఏ షెడ్యూలులో ఉందో దిబ్బలు కట్టే పగడాలు కూడా 2001 నుంచి అదే మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి తోక తొక్కే ప్యాకేజీ ఎవరైనా అమ్మితే ఊరుకుంటామా?

మా పడవ నడిపినతను శ్రీకాకుళం వైపు తెలుగువాడు. ఇందులో వింతేమీ లేదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపలవేటకీ కూలికీ వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు తరాలుగా అక్కడే ఉన్నాయి. హేవ్‌లాక్‌లో ఊళ్ళు కట్టుకున్నవాళ్ళు తూర్పు బెంగాల్ శరణార్థులు. పోర్ట్ బ్లెయిర్ బజారుకి వెళ్తే మాత్రం మన యాస చెవిన పడుతూనే ఉంటుంది. ఒడ్డుకు వచ్చాక అతన్ని అడిగాను, ఈత రానివాళ్ళని ఎందుకు తీసుకెళ్తారయ్యా అని.

“ఏటి సెయ్యమంటారమ్మా? ఈతొచ్చా అనడిగితే అందరూ కొద్దికొద్దిగా వచ్చనీసి అంటారు. కొద్దిగా ఈతేటమ్మా? వస్తే వచ్చు, లేపోతే లేదు. రానోల్ని దించనంటే ఎల్లిపోయి పక్క బోటెక్కీస్తారు. రేటింగు ఒక స్టారిస్తారు.”

అతని మాటలో అబద్ధం లేదు. తప్పు అతని మీద వేసి చేతులు దులుపుకోవడం తేలిక, ఆ పని నేను చెయ్యను. అడిగినప్పుడు ‘కొద్దిగా వచ్చు’ అనేది మనం. వేవ్ పూల్‌లో నడుముల్లోతు నీళ్ళలో ఎగిరి గంతేసినదాన్ని ఈత అనుకునేది మనం.

ఈ మాట ఆఫీసులో అంటే ఒకాయన, చదువుకున్న మనిషి, నాతో వాదానికి దిగాడు. సముద్రం వేడెక్కిపోయి పగడాలు మొత్తానికి మొత్తం తెల్లబడి చచ్చిపోతుంటే నా అరికాలు ఒక లెక్కా మేడమ్ అని. న్యాయమైన ప్రశ్నే. 1998లో, 2010లో అండమాన్ పగడాలు తెల్లబడ్డాయి. 2010 దెబ్బ మరీ పెద్దది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా నాలుగోసారి పగడాలు తెల్లబడుతున్నాయని అమెరికా సముద్ర పరిశోధన సంస్థ నోవా ప్రకటించింది. మామూలు వేసవి వేడి కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, ఒంట్లోని నాచును పగడం బయటికి తోసేస్తుంది. రంగు పోతుంది, తిండి పోతుంది. దీని ముందు అరికాలు చిన్నదే. కానీ తెల్లబడ్డ పగడం వెంటనే చావదు. నీళ్ళు చల్లబడి, ఇంకే దెబ్బా తగలకపోతే మళ్ళీ నాచు వచ్చి చేరి కోలుకోగలదు. ఆ ‘ఇంకే దెబ్బా తగలకపోతే’ దగ్గరే మన కాళ్ళు వస్తాయి. పైగా పర్యాటకులు దిగేది సముద్రమంతటా కాదు, పడవలు కట్టే నాలుగైదు చోట్ల, అవే కొన్ని వందల గజాల్లో. సీజనంతా అన్ని కాళ్ళూ అక్కడే పడతాయి. భూమి వేడి తగ్గించడం మా సెక్షన్ వల్ల కాదు. కాళ్ళు పైకెత్తి పెట్టుకోవడం మా వల్ల అవుతుంది.

ఒక ముచ్చట చెప్పి ముందుకెళ్తాను. అడవిలో దుంగలు లాగడానికి అండమాన్‌కు తెచ్చిన ఏనుగుల్లో రాజన్ అని ఒకటి ఉండేది. పని పూర్తయ్యాక హేవ్‌లాక్‌లోనే ఉండిపోయింది. సముద్రంలో ఈదే ఏనుగుగా దాని ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి, ‘ది ఫాల్’ అనే సినిమాలో కూడా ఈదింది. 2016లో చనిపోయింది. ఆ ఫొటోలు చూడండి: అంత భారీ శరీరం నీళ్ళలో అడ్డంగా తేలుతూ ఉంటుంది, తొండం మాత్రం గొట్టంలా పైకి ఉంటుంది. స్నోర్కెలింగ్ అంటే అదే. టన్నుల బరువున్న ఏనుగు నేర్చుకోగలిగింది.

ఇక ఢిల్లీ సంగతి. మాకు ఈత ఎందుకు రాదు? నది లేక కాదు. వజీరాబాద్ నుంచి ఓఖ్లా దాకా యమున మా ఊళ్ళో 22 కిలోమీటర్లు పారుతుంది. నది మొత్తం పొడవులో అది రెండు శాతం కూడా కాదు గానీ నది మురికిలో సింహభాగం అక్కడే కలుస్తుంది. స్నానానికి పనికొచ్చే నీళ్ళలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండాలి. ఢిల్లీ యమునలో చాలా చోట్ల అది సున్నా. కార్తీకంలో ఛఠ్ పూజ నాటికి కాళిందీ కుంజ్ దగ్గర తెల్లటి నురగ తేలుతుంది. అందులో ఎవరు ఈత నేర్చుకుంటారు? మెహ్రౌలీలో ఇల్తుత్‌మిష్ కాలపు దిగుడుబావి గంధక్ కీ బావలీకి డైవింగ్ వెల్ అని ఇంకో పేరుంది, ఒకప్పుడు కుర్రాళ్ళు పై అంతస్తుల నుంచి దూకేవారు కాబట్టి. ఆ కాలం పోయింది.

మిగిలినవి స్విమ్మింగ్ పూళ్ళు. డీడీఏ స్పోర్ట్స్ కాంప్లెక్సుల్లో మంచి పూళ్ళే ఉన్నాయి, సిరిఫోర్ట్, యమునా, సాకేత్, ద్వారక. తాల్‌కటోరాలో 2010 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టిన కప్పున్న పెద్ద పూల్ ఉంది. కానీ ఆరుబయటి పూళ్ళన్నీ దాదాపుగా ఏప్రిల్‌లో తెరిచి సెప్టెంబరు చివరికో అక్టోబరుకో మూసేస్తారు. చలి కదా. అండమాన్ సీజను ఎప్పుడు? నవంబరు నుంచి ఏప్రిల్. మే నెల సగంలో నైరుతి గాలులు వస్తే సముద్రం అల్లకల్లోలమవుతుంది, నీళ్ళు మసకబారతాయి. అంటే ఢిల్లీవాడు ఈదగలిగిన ఆరు నెలల్లో ఎక్కువ భాగం సముద్రం బాగుండదు, సముద్రం బాగున్న ఆరు నెలలు ఢిల్లీ పూల్‌కి తాళం. వేసవిలో నేర్చుకున్న పిల్లవాడు కూడా రెండు మూడు నెలలు నీళ్ళు ముట్టకుండా డిసెంబరులో సరాసరి సముద్రంలో దిగుతాడు. వేడినీటి పూళ్ళు క్లబ్బుల్లో, ఫైవ్ స్టార్ హోటళ్ళలో, గుర్గావ్ ఖరీదైన సొసైటీల్లో ఉన్నాయి. వాటి ఫీజు చూస్తే మాకు చలి వేస్తుంది.

ఆడవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. మాది కోనసీమ. ఇంటి ముందే కాలువ. అన్నయ్యలు జీలుగు బెండ్లు కట్టుకుని రెండు వేసవుల్లో ఈత నేర్చేసుకున్నారు. నేను అదే కాలువ రేవులో బిందె ముంచుకుని ఇంటికి వచ్చేదాన్ని. ఆడపిల్లకి ఈతెందుకు అని ఎవరూ అనలేదు, అసలు ఆ ప్రశ్నే ఎవరికీ రాలేదు. నేను నేర్చుకున్నది నలభై ఏడో ఏట, ఢిల్లీలో, పొద్దున లేడీస్ బ్యాచ్‌లో. నైలాన్ కాస్ట్యూమ్, టోపీ తప్పనిసరి, మెడికల్ సర్టిఫికెట్ తేవాలి, దిగే ముందు షవర్ చెయ్యాలి. ఆంధ్రా భవన్ క్యాంటీన్ క్యూలో ఈ మాట చెప్తే ఒకావిడ “ఈ వయసులో ఈతేంటి వదినా, మోకాళ్ళు చూసుకోక” అంది. మోకాళ్ళకి అంతకన్నా మంచిది లేదని డాక్టర్లే చెప్తారు, అది పక్కన పెడదాం.

నేర్పినాయన హర్యానా మనిషి. చేతులూ కాళ్ళూ ఆడించడం మొదటి వారాల్లో అసలు నేర్పలేదు. గట్టు పట్టుకుని ముఖం నీళ్ళలో పెట్టి నోటితో బుడగలు వదలడం, ఆ తర్వాత చేతులు చాపి బోర్లా తేలడం, అంతే. “బాడీ ఢీలీ ఛోడో మేడమ్‌జీ” అని రోజూ అదే పాట. ఒళ్ళు బిగబడితే నడుము కిందికి దిగుతుంది, వదిలేస్తే తేలుతుంది. చెప్తే ఇంతే, ఒంటికి ఎక్కడానికి మాత్రం నాకు చాలా పొద్దులు పట్టింది. ఎలిఫెంట్ బీచ్‌లో పనికొచ్చింది కూడా అదొక్కటే. అక్కడ ఫ్రీస్టైల్ అక్కర్లేదు, బటర్‌ఫ్లై అక్కర్లేదు. కంగారుపడకుండా బోర్లా పడుకుని, నోటితో నిదానంగా ఊపిరి తీసి, కాళ్ళు నీటి పై భాగంలోనే నెమ్మదిగా ఆడించగలిగితే చాలు. మాస్కులో నీరు చేరితే నిలబడక్కర్లేదు, వెల్లకిలా తిరిగి తీసుకోవచ్చు. ఈ పాటి విద్య లేకపోవడం వల్ల విరుగుతున్నాయి ఆ పగడాలు.

ఊరికి ఫోన్ చేసినప్పుడు మా మేనల్లుడు అంటాడు, అంత దూరం ఎందుకత్తా, మనకి రుషికొండ లేదా అని. ఉంది నాయనా, 2020లో హేవ్‌లాక్ రాధానగర్ బీచ్‌తో పాటే దానికీ బ్లూ ఫ్లాగ్ వచ్చింది. కానీ మన కోస్తాలో గోదావరి, కృష్ణ, వంశధార తెచ్చి పోసే ఒండ్రుకి నీళ్ళు మట్టిరంగులో ఉంటాయి, వర్షాకాలంలో ఉప్పు కూడా తగ్గుతుంది. పగడానికి తేట నీరు కావాలి, ఎండ అడుగు దాకా దిగాలి. అందుకే మనకి వందల కిలోమీటర్ల తీరం ఉన్నా పగడపు దిబ్బలు లేవు. మనకున్నవి అలలు, లోపలికి లాగే ప్రవాహాలు. సూర్యలంకలోనో రామాపురంలోనో స్నానాలకి దిగిన కుర్రాళ్ళు కొట్టుకుపోయారన్న వార్త లేకుండా ఏడాది గడవదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలో 2022లో దేశం మొత్తం మీద నీట మునిగి చనిపోయినవాళ్ళు 38 వేల పైమాటే. ఈత నేర్పండి అని నేను అడుగుతున్నది సెలవుల షోకు కోసమే అనుకునేవాళ్ళు ఈ అంకె ఒకసారి చూడాలి.

జపాన్‌లో 1955 మే నెలలో షియున్ మారు అనే ఫెర్రీ మునిగి 168 మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువ మంది విహారయాత్రకి బయల్దేరిన బడిపిల్లలు. ఆ తర్వాతే అక్కడ బడి బడికీ పూల్ కట్టడం ఊపందుకుంది. ఇంగ్లండ్‌లో ప్రాథమిక బడి దాటేలోగా 25 మీటర్లు ఈదగలగాలని పాఠ్యప్రణాళికలోనే ఉంది. నెదర్లాండ్స్‌లో పిల్లలు బట్టలతో, బూట్లతో ఈది చూపిస్తే గానీ ఈత డిప్లొమా ఇవ్వరు. మన దగ్గర యోగాకి పీరియడ్ ఉంది, కంప్యూటర్‌కి ఉంది. ఈతకి ఫీజు ఎక్కువ కట్టే బడుల్లోనే చోటు.

బడి బడికీ పూల్ అడగను, నీళ్ళకే కటకట పడే నగరం ఇది. ఢిల్లీ, నోయిడా, గుర్గావ్, ఫరీదాబాద్, గాజియాబాద్‌లలో జిల్లాకొకటైనా కప్పున్న వేడినీటి పబ్లిక్ పూల్ చలికాలమంతా తెరిచి ఉంచాలి. చుట్టుపక్కల బడులు వంతులవారీగా వాడుకోవాలి. ఆడవాళ్ళ బ్యాచ్‌లు మధ్యాహ్నం రెండింటికి కాకుండా ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి కుదిరే వేళల్లో పెట్టాలి. నన్ను విమానం ఎక్కించి సముద్రం దాకా పంపడానికి ఖజానా ఖర్చు పెడుతున్న కేంద్రం ఇదొక్కటీ చేయలేదంటే నేను నమ్మను.

అండమాన్ యంత్రాంగం చేయవలసింది ఇంకా చిన్నది. వండూర్ మెరైన్ నేషనల్ పార్కులో జాలీబాయ్ దీవికి వెళ్ళేవాళ్ళ ప్లాస్టిక్‌ను జెట్టీలోనే ఆపేస్తారు. జనం గొణుక్కుంటూనే పాటిస్తున్నారు. అలాగే పగడాల మీదికి తీసుకెళ్ళే ముందు ఇసుక మీదున్న నీళ్ళలో రెండు నిమిషాలు బోర్లా తేలి చూపించమనాలి. తేలినవాళ్ళు స్నోర్కెలింగ్‌కి, తేలనివాళ్ళు అద్దాల అడుగు పడవకి. అందరు పడవవాళ్ళకీ ఒకటే రూలు ఉంటే మా శ్రీకాకుళం అబ్బాయి ఒక స్టారుకి భయపడక్కర్లేదు. రూలు పెడితే జనం వింటారా అంటారేమో. 2010లో హేవ్‌లాక్‌లో స్నోర్కెలింగ్ చేస్తున్న విదేశీ యువతిని మొసలి పట్టుకుపోయింది. ఇప్పుడు మొసళ్ళ హెచ్చరిక బోర్డు ఉన్నచోట దిగడానికి జనం జంకుతున్నారు కదా. మన ప్రాణం కోసం బోర్డుకి విలువిచ్చేవాళ్ళం, పగడం కోసం కూడా ఇవ్వగలం.

డిసెంబరుకి టికెట్లు తీసుకున్న ఢిల్లీ తెలుగువాళ్ళకి నా మనవి: పూళ్ళు మూసేదాకా ఆగకండి. రేపు పొద్దున్నే వెళ్ళి చేరండి, ఇంట్లో ఆడవాళ్ళని ముందు చేర్పించండి. అక్టోబరు నాటికి బోర్లా తేలడం రాకపోతే అద్దాల అడుగు పడవ టికెట్టు కొనుక్కోండి. చేపలు అందులోంచీ బాగానే కనిపిస్తాయి.